దోమ ఎవరిది?

దోమలు మన ఇంట్లో కుడతాయి గానీ మన ఇంట్లో పుట్టవు. ఇది మా వీధివాళ్ళందరి గట్టి నమ్మకం. ఎదురింటి పిన్నిగారిని అడగండి - పక్కన కడుతున్న అపార్టుమెంటు గుంటల్లోంచి వస్తున్నాయంటారు. మూలింటి మాస్టారిని అడగండి - వెనకాల గెడ్డలోంచి అంటారు. ఆ గెడ్డ పక్కన ఉన్నవాళ్ళేమో "మాది పారే నీరండీ, ముందు మీ డాబాల మీద ట్యాంకులు చూసుకోండి" అంటారు. నన్నడిగితే నేను ముగ్గురితోనూ ఏకీభవించేదాన్ని. మా ఇల్లు తప్ప ఎవరింటి పేరు చెప్పినా నాకేం అభ్యంతరం ఉండేది కాదు.

కిందటేడు శ్రావణమాసం దాకా ఇదీ నా సిద్ధాంతం.

వరలక్ష్మీవ్రతం శుక్రవారం. తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, కలశానికి కొబ్బరికాయ నిలబడక అవస్థ పడుతున్నాను. గేటు దగ్గర "అమ్మా" అని పిలుపు. భుజాన సంచీ, ఒక చేతిలో టార్చిలైటు, రెండో చేతిలో పొడుగు కాడ ఉన్న తెల్ల ఎనామిల్ గరిటె. దోమల మనిషి. శుక్రవారం 'డ్రై డే' అని పెట్టారు కదా - వారానికోసారి నీళ్ళ పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టమని. మన ఎండలకి గుడ్డు పురుగై, పురుగు దోమై ఎగిరిపోవడానికి వారం పదిరోజులు చాలట. ఆ ప్రకారం అతనూ శుక్రవారమే వచ్చాడు. శ్రావణ శుక్రవారం ఏమిటో అతనికి తెలీదా అని నాకు చిరాకేసింది. మా మేడమెట్లు ఇంటిలోపల్నించే. పైకి వెళ్ళాలంటే సరిగ్గా నేను పీట వేసి ముగ్గు పెట్టిన చోటు దాటి వెళ్ళాలి.

"ఇవాళ కాదు బాబూ, ఇంకో రోజు రా" అన్నాను.

"అలాగేనమ్మా. ట్యాంకుకి మూత ఉందా?"

"ఉంది."

అతను పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

మూత లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా విశాఖపట్నాన్ని ఊపేసిన రోజున ఆ నల్లమూత ఎటు ఎగిరిపోయిందో! మావారు తాత్కాలికంగా ఒక రేకు ముక్క కప్పి, దానిమీద రెండు ఇటుకలు పెట్టారు. తాత్కాలికం అనే మాట మన ఇళ్ళల్లో ఎంతకాలం ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రేకు ట్యాంకు నోటిని ముప్పాతిక వంతు కప్పుతుంది. అంచేత నేను పూర్తిగా అబద్ధం ఆడలేదు. అశ్వత్థామ విషయంలో ధర్మరాజు ఆడినంతే ఆడాను. ఆ తర్వాత ఆయన రథం నేలకి దిగిందట. నాకు ఆ రోజు ఏమీ కాలేదు. తొమ్మిది రకాల పిండివంటలతో వ్రతం దివ్యంగా జరిగింది.

మహాలయపక్షం రోజుల్లో పక్క అపార్టుమెంటు వాచ్‌మన్ కూతురికి జ్వరం వచ్చింది. ఆరేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ మా ఇంట్లో పని చేస్తుంది. నేను వడియాలు పెట్టినప్పుడల్లా ఈ పిల్లే డాబా మీద కాకులకి కాపలా. మధ్యాహ్నం ఎండలో మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకుంటూ వణికింది. తర్వాత ఒళ్ళు పెనంలా కాలింది. తర్వాత చెమటలు పోసి నిద్రపోయింది. మర్నాడు లేచి తొక్కుడుబిళ్ళ ఆడుకుంటోంది. "తగ్గిపోయిందమ్మా" అని వాళ్ళమ్మ నవ్వింది. ఆ మర్నాడు సరిగ్గా అదే వేళకి మళ్ళీ వణుకు.

రక్తం తీసి చూశారు. మలేరియా, వైవాక్స్ రకం.

ఒక ఇంట్లో మలేరియా బయటపడితే చుట్టుపక్కల ఇళ్ళన్నీ వెతుకుతారు. మళ్ళీ అతనే వచ్చాడు, అదే సంచీ, అదే గరిటె. ఈసారి ఏ వ్రతమూ లేదు. నేనూ వెనకాలే మేడ ఎక్కాను. ఇటుకలు దింపి, రేకు పక్కకి జరిపి, గరిటె మెల్లిగా ముంచి తీశాడు. తెల్లటి గరిటెలో నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. ఆ శుభ్రమైన నీళ్ళ మీద నూకల్లాంటివి అయిదో ఆరో తేలుతున్నాయి.

"ఇవి మలేరియా దోమ పిల్లలమ్మా. మామూలు దోమ పిల్లలైతే తోక పైకి పెట్టి తలకిందులుగా వేలాడతాయి. ఇవి చూడండి, నీటి మీద సాపుగా, చాప పరుచుకుని పడుకున్నట్టు..."

పట్నంలో మలేరియా మోసే దోమకి అనాఫిలిస్ స్టెఫెన్సీ అని పేరట. దానికి మురుక్కాలవ పనికిరాదు. ట్యాంకులూ, సిమెంటు తొట్లూ, నూతులూ, మనం మంచినీళ్ళని పట్టుకుని దాచుకున్నవే దానిక్కావాలి. ఎంత మడిగల దోమో చూడండి! ఇన్నాళ్ళూ గెడ్డని తిట్టుకున్నాను.

"మూత ఉందన్నారు కదమ్మా" అని అతను అంటాడని ఎదురుచూశాను. అనలేదు. నీళ్ళు డాబా మీద పారబోసి, ట్యాంకులో మందు వేసి, దిగి వెళ్ళిపోయాడు. ఒక్క మాటంటే నాకూ ఒక మాట అనడానికి వీలుండేది.

ఆ సాయంత్రమే అపార్టుమెంటువాళ్ళు గోడలు తడపడానికి నిలవబెట్టిన నీళ్ళతొట్టిలో కూడా అవే దొరికాయని తెలిసింది. ఆ వార్త వినగానే నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ హాయికి సిగ్గు వేసింది మాత్రం రాత్రి అన్నం తినేటప్పుడు.

ఇక లెక్కలు మొదలయ్యాయి. కాలెండరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. వ్రతంనాడు ట్యాంకులో పురుగు ఉందనుకుంటే, వారంలో దోమ అయ్యుంటుంది. అది రక్తంలో మలేరియా ఉన్న మనిషిని ఎవరినో కుట్టాలి. ఆ తర్వాత క్రిమి దాని ఒంట్లో పెరిగి లాలాజలం దాకా రావడానికి పదిరోజులో పన్నెండు రోజులో. అప్పుడు పిల్లని కుట్టాలి. పిల్లకి జ్వరం రావడానికి ఇంకో రెండు వారాలు. మొత్తం సరిపోయింది! సరిపోయినంత మాత్రాన జరిగినట్టా? అపార్టుమెంటు తొట్టికి కూడా ఇదే లెక్క సరిపోతుంది.

మావారు నా బాధ విని నవ్వేశారు. "ఋజువు లేని నేరం నేరం కాదు. దోమ నీ అడ్రసు మెళ్ళో కట్టుకు తిరుగుతుందా? నవలలు రాసి రాసి నీకు ప్రతిదానికీ ఒక ముద్దాయి కావాలి" అన్నారు. అత్తయ్యగారు ఇంకో దారిలో ఓదార్చారు. "ఎవరి ప్రాప్తం వాళ్ళది. ఆ దోమ కాకపోతే ఇంకో దోమ. నువ్వేం చేస్తావు?" అన్నారు. ఒకరిది న్యాయశాస్త్రం, ఒకరిది కర్మసిద్ధాంతం. రెండూ ఎక్కడెక్కణ్ణించో బయల్దేరి నాకేం సంబంధం లేదనే చోటికే వచ్చి కలిశాయి. ఈ చర్చ జరిగిన మూడు రోజులూ ట్యాంకు మీద ఆ రేకు ముక్కే ఉంది మరి.

నాలుగో రోజు నేనే బజారుకెళ్ళి మూత కొనుక్కొచ్చాను. దాని ఖరీదు, వ్రతంనాడు పేరంటాళ్ళకి పంచిన జాకెట్టు ముక్కల ఖరీదులో సగం కూడా లేదు.

అయినా ప్రశ్న మాత్రం మూత కింద ఉండనంది. దొంగ చేసిన పనికి దొంగ బాధ్యుడు. పెంచుకున్న కుక్క కరిస్తే పెంచినవాళ్ళు బాధ్యులు. పెంచుతున్నామని తెలియకుండా మనం పెంచినదాని మాటేమిటి? తెలియదనడానికి కూడా లేదు, తెలుసుకోవడానికి వచ్చినవాణ్ణి గేటు దగ్గర్నించే పంపించేశాను కదా!

ఈ దోమల చరిత్ర కొంత మన గడ్డ మీదే జరిగిందని మీకు తెలిసే ఉంటుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక డాక్టరు, మచ్చల రెక్కల దోమ పొట్ట కోసి, దాని గోడలో మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఆగస్టు 20ని దోమల దినం అంటున్నారు. రాస్‌కి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. నాకు మాత్రం ఆయన కన్నా హుసేన్ ఖాన్ ఎక్కువగా గుర్తొస్తాడు. ఈయన మలేరియా రోగి. రాస్ పెంచిన దోమల చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. ఒక్కో దోమకి ఒక అణా. ఆ బేరం న్యాయమైనదేనా, జ్వరంతో మూలుగుతున్న బీదవాడు 'సరే' అంటే అది సరేనా అని ఇవాళ మనం ఎన్నయినా అనుకోవచ్చు. కానీ రాస్ దోమని దాచలేదు. ఇది దోమ, ఇది నీ చెయ్యి, ఇదిగో నీ అణా అన్నాడు. నా దోమ కుట్టిన పిల్లకి - నా దోమే అనుకుంటే - ఎవరూ అడగలేదు, అణా ఇవ్వలేదు.

ఈ కాలంలోనూ అలాంటి పని చేసేవాళ్ళున్నారు. సాయంత్రం నించి తెల్లవారేదాకా మోకాళ్ళ పైకి బట్ట మడుచుకుని కూర్చుంటారు. కాలి మీద దోమ వాలగానే, కుట్టేలోపల, టార్చి వేసి గొట్టంతో పీల్చి పట్టేస్తారు. ఏ వేళలో ఏ దోమ మనిషి కోసం వస్తుందో తెలుసుకోవడానికి మనిషి కాలుని మించిన సాధనం దొరకలేదట. ముందు జాగ్రత్తగా మందులిచ్చినా ఇది ధర్మమా కాదా అని శాస్త్రజ్ఞులే వాదించుకుంటున్నారు. ఇంకొందరు తెల్లవారుజామున పశువులశాలల్లోకీ గుడిసెల్లోకీ వెళ్ళి, గోడల మీద వాలిన దోమల్ని పట్టి, ఒక మనిషి ఒక గంటలో ఎన్ని పట్టాడని లెక్క కడతారు. పట్టిన ఆడదోమని కోసి అండాశయం చూస్తే, అది ఇదివరకు గుడ్లు పెట్టిందో లేదో తెలుస్తుందట. పెట్టి ఉంటే వయసు మీరింది, ప్రమాదం. వయసు దాచుకునే వీలు పాపం దానికి కూడా లేదు. అన్నట్టు, కుట్టేది ఆడదోమ ఒక్కటే, అదీ కడుపులో గుడ్ల కోసం. అందుకని దాన్ని మనం క్షమించెయ్యనక్కర్లేదు గానీ, ఈ కథలో దుర్బుద్ధి ఎక్కడా లేదు. దోమకి పిల్లల మీద ప్రేమ, నాకు లక్ష్మీదేవి మీద భక్తి.

అత్తయ్యగారు చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పారు. శ్రీకాకుళం వైపు వాళ్ళ ఊళ్ళో డి.డి.టి. కొట్టేవాళ్ళు వచ్చి గోడలన్నీ తడిపి వెళ్ళేవారట. మనిషిని కుట్టిన దోమ బరువెక్కి గోడ మీద వాలుతుంది, గోడకున్న మందు తగిలి చస్తుంది, అదీ కిటుకు. వాళ్ళు వెళ్ళగానే ఆ తెల్లటి మరకలు చూడలేక వీళ్ళమ్మగారు పేడా ఎర్రమన్నూ కలిపి శుభ్రంగా అలికేసేవారట. మందంతా అలుకు కిందకి పోయింది. ఆవిడ ఇల్లు శుభ్రం చేసుకున్నారు, నేను వ్రతం చేసుకున్నాను. ఇల్లాలి మంచిపనులతో దోమకి ఎంత లాభమో!

అయినా ఆ రోజుల్లో మలేరియా చాలావరకు పోయింది. మన దేశంలో 1953లో అదుపు చేసే పథకం, 1958లో నిర్మూలన పథకం మొదలయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏడాదికి ఏడున్నర కోట్ల మందికి వచ్చేదని అంచనా వేసిన జ్వరం, 1965 నాటికి లక్ష మందికి దిగింది. తర్వాత 1976లో అరవైనాలుగు లక్షలు! శ్రీలంకవాళ్ళ కథ ఇంకా విడ్డూరం. 1963లో ఆ దేశం మొత్తం మీద దొరికింది 17 కేసులు. ఇంకేముంది, పోయిందిలే అనుకున్నారు. చూడటం తగ్గింది, మందు కొట్టడం తగ్గింది. 1968, 69 సంవత్సరాల్లో అయిదు లక్షల పైచిలుకు మందిని మంచాన పడేసింది.

ఈ పదిహేడు అన్న అంకె చూసినప్పుడు నాకు మన ఆడవాళ్ళ పనే గుర్తొచ్చింది. రోజూ చిమ్మిన గది ఎవరికీ కనబడదు. ఒక్కరోజు చిమ్మకపోతే ఇంటిల్లిపాదికీ కనబడుతుంది. "పొద్దున్నించీ ఏం చేశావు?" అని అడిగితే ఏం చెప్తాం? బూజు పట్టకుండా చేశాను, పాలు విరిగిపోకుండా చేశాను అని జరగనివన్నీ ఏకరువు పెట్టాలి. దోమల మనిషి పుస్తకం కూడా అంతే. ఇంటింటికీ తిరిగి గరిటె ముంచి 'లేవు' అని రాసుకుంటాడు. లేనిదాన్ని వెతకడానికి జీతం దేనికని ఎవరో అంటారు. నాలాంటిది 'ఇవాళ కాదు' అంటుంది.

శ్రీలంక బుద్ధి తెచ్చుకుని, కేసులు లేకపోయినా వెతుకుతూనే ఉండి, 2016లో మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేత అనిపించుకుంది. మనమూ చాలా దూరమే వచ్చాం. 2015లో పదకొండు లక్షల అరవైతొమ్మిది వేలున్న కేసులు 2023లో రెండు లక్షల ఇరవైఏడు వేలయ్యాయి. మిగిలినవే మొండివి. మా విశాఖపట్నం నించి ఘాటురోడ్డు ఎక్కితే మన్యం. అక్కడ కొండవాగుల్లో పుట్టేది ఇంకో జాతి అనాఫిలిస్. దోమతెరలు ఇచ్చారు. కానీ పోడు పంట కాపలాకి పొలంలో పాకలో పడుకున్నవాడికి ఇంట్లో తెర ఏం ఉపయోగం? పైగా కొందరి రక్తంలో క్రిమి ఉంటుంది, ఒంట్లో జ్వరం ఉండదు. సుబ్బరంగా పనికి పోతుంటారు. వాళ్ళని కుట్టిన దోమే ఇంకొకరికి తెచ్చిపెడుతుంది. వాళ్ళ దగ్గరికి వెళ్ళి "నీకు ఏమీ లేదు గానీ, పక్కవాడి కోసం నువ్వు మాత్ర మింగు" అని చెప్పాలి. చెప్పేవాళ్ళు ఏ మొహంతో చెప్పాలి? డాబా మీద మూత వెయ్యని నేను చెప్పగలనా?

మళ్ళీ పిల్ల దగ్గరికి వస్తాను. ఈ వైవాక్స్ రకానికి మూడురోజులు ఒక మందు, పద్నాలుగు రోజులు ఇంకో మందు. క్రిమి కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్ళీ లేస్తుందిట, దానికోసం ఆ పద్నాలుగు. మూడో రోజుకే పిల్ల గెంతుతోంది. గెంతే పిల్ల చేత మాత్ర మింగించడం ఎంత కష్టమో పిల్లల్ని పెంచినవాళ్ళకి తెలుసు. అందుకని ఆ పని నేను పెట్టుకున్నాను. సాయంత్రం అయిదింటికి వచ్చేది. అన్నం పెట్టి, మాత్ర ఇచ్చి, నాలిక చాపమని చూసి, బెల్లం ముక్క పెట్టి పంపేదాన్ని. కాలెండరులో రోజూ ఒక గీత.

వీధిలో నాకు మంచిపేరు వచ్చేసింది. పిన్నిగారు "ఈ రోజుల్లో పనివాళ్ళ పిల్లల్ని ఇంతగా చూసేదెవరు" అన్నారు. పదో రోజున వాళ్ళమ్మ గిన్నెలు తోముతూ తోముతూ ఆగి, "మీ రుణం తీర్సుకోలేమమ్మా" అంది.

ఆ మాట నేను భరించలేకపోయాను. పద్నాలుగో మాత్ర అయిన సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి చెప్పేశాను. ట్యాంకుకి మూత లేదనీ, అతను అడిగితే ఉందని చెప్పాననీ, పురుగులు దొరికాయనీ. చెప్పేటప్పుడు నా మనసులో ఏముందో దాచుకోను. అది "పోన్లెండమ్మా, మీరు కావాలని సేసేరా" అంటుందనీ, నేను తేలికపడతాననీ ఆశ. క్షమాపణ అడగడంలో కూడా మనం మన సుఖమే చూసుకుంటాం కాబోలు.

అది అలా అనలేదు. చెంగుతో చేతులు తుడుచుకుంది.

"మూత లేదని నాకు తెలుసమ్మా. డాబా ఊడ్సేది నానే కదా. ఆ రేకు కింద పురుగులాడుతుంటే రెండు మూడుసార్లు సూసేను."

"మరి నాతో చెప్పలేదేం?"

"సెప్దామనే అనుకున్నాను. సెప్తే మీరేటనుకుంటారో అని..."

నేనేం అనుకునేదాన్ని? ఆలోచించి చూసుకున్నాను. 'పని మానేసి ట్యాంకులో తొంగిచూడటం దేనికి' అనుకునేదాన్ని. పైకి అనకపోయినా అనుకునేదాన్ని. టార్చిలైటూ గరిటె లేకుండానే, వారం వారం కాదు రోజూ, మా డాబా మీద కనిపెట్టి చూసే మనిషి ఒకతి ఉంది. నోరు విప్పడానికి మాత్రం దానికి నా ఇంట్లో చోటు లేదు.

ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత అది లేచి మిగిలిన గిన్నెలు తోముకుంది. నన్ను క్షమించిందో లేదో నేను అడగలేదు, అది చెప్పలేదు. పనికి మాత్రం మానకుండా వస్తోంది.

మొన్న గుమ్మడి వడియాలు పెట్టాను. అది పళ్ళాలు పట్టుకుని పైకి వెళ్ళింది, వెనకాల పిల్ల. కాసేపటికి పై నించి గట్టిగా, నాలుగిళ్ళవాళ్ళకీ వినిపించేలా అరిచింది:

"అమ్మా, ట్యాంకు మూత ఓరగా ఉంది. నిన్న పైకెవరెక్కేరు?"

మావారే ఎక్కారు. పేపరు వెనక దాక్కున్నారు.